మూత వెయ్యి

ముత్యాల గౌరామీని చేతికిచ్చే ముందు
ద్రహొమీరా పెళ్లిళ్ల పేరమ్మలా ఆరా తీస్తుంది:
తొట్టి పొడవెంత? లోపల ఇంకా ఎవరెవరున్నారు?
నోటిదురుసు వాళ్లెవరూ లేరు కదా?

ఉన్నాయన్నాను. పులిచారల బార్బులు, ఆరు.
నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు
ఎవ్జెన్ ప్లాస్టిక్ సంచిలో తెచ్చిచ్చినవి.
"అయితే ఇవ్వను" అని
తరవాతి మనిషి వైపు తిరిగిపోయింది.

ఓస్త్రావాలో శనివారం చేపల సంత.
హాలంతా తడికోట్ల వాసన.
నాలుగు బల్లల అవతల ఇంకొకతనికి
బార్బుల సంగతి చెప్పకుండా
రెండు ఆడ గౌరామీలు కొనుక్కొచ్చాను.

మూడో రోజుకి వాటి మీసాలు సగమయ్యాయి.

మీసాలు కావవి. చేతులు.
పొట్ట కింద నుంచి సాగిన రెండు దారాలు.
వాటితోనే తడుముతుంది
ఆకుని, గాజుని, పక్కనున్న ప్రాణిని.
ఆ తడమడం నాకు తెలుసు.
ఎనిమిది వందల మీటర్ల లోతున
దీపాలారిపోయిన రాత్రి
ఒక చేత్తో ముందున్న ఎవ్జెన్ బెల్టు పట్టుకుని
రెండో చెయ్యి బొగ్గుగోడ మీద వేసి
గంటన్నర నడిచాను.
ఆ వేళ్లని ఎవడో సరదాకి కొరికి ఉంటే?

బార్బుల్ని తిట్టను.
పెద్ద గుంపులో, పెద్ద నీళ్లలో
తమని తామే తరుముకుంటూ బతికే జాతి.
నా తొట్టిలో వాటికి పొద్దుపోలేదు, అంతే.
మా షిఫ్టులో ఒత్మార్ అని ఉండేవాడు,
బూట్లలో గ్రీజు నింపేవాడు.
పైన ఎండలో ఎంత నవ్వుకునేవాళ్లమో!
కింద ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

మళ్లీ శనివారం. ద్రహొమీరా ముందు
బడిపిల్లాడిలా నిజం ఒప్పుకున్నాను.
సంచిలోని బార్బుల్ని లెక్కపెట్టుకుని
మారుమాట లేకుండా రాస్బొరాలు పన్నెండు ఇచ్చింది,
రాగిరంగువి, ఎవరి జోలికీ పోనివి.
అడుగున ఇసుక తవ్వుకునేందుకు
గడ్డాల కోరిడోరాలు ఆరు.
(చూడగానే నచ్చాయవి. రెండో షిఫ్టు వాళ్లలాగే ఉన్నాయి.)
మగదాన్నొకదాన్నే ఇచ్చింది.
"రెండో మగది అడక్కు, ఒక ఒరలో రెండు కత్తులు."
వెళ్లబోతుంటే చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది:
"నీళ్లొక్కటే వెచ్చగా ఉంటే చాలదు తాతా,
నీళ్ల మీద గాలి కూడా వెచ్చగా ఉండాలి.
మూత తెరిచి ఉంచకు."

ఎందుకో ఆ రాత్రి చూశాను.
మొప్పలకందే గాలి సరిపోదు దానికి.
ఆకుల మధ్య నుంచి నింపాదిగా పైకొచ్చి
నీటి అంచుని పెదవితో తాకి
ఒక్క గుక్క మింగి
ఏమీ జరగనట్టు కిందికి దిగిపోయింది.
నేను ముక్కు కింద గొట్టం సర్దుకున్నాను.
రాత్రి రెండింటికి మా గదిలో రెండు మోటార్లు,
ఒకటి నీళ్లకి, ఒకటి నాకు.
చీకట్లో ఏది ఎవరిదో పోల్చుకోలేను.

బార్బుల్ని ఇచ్చేశానని ఎవ్జెన్‌కి కోపం.
రెండు గురువారాలు మెట్లెక్కలేదు.
మూడో వారం కోటు కూడా విప్పకుండా
తొట్టి ముందు నిలబడ్డాడు.
కుడిచేతి చూపుడువేలు గాజుకి ఆనించాడు.
ఆ పక్క రెండు వేళ్లూ సగమే,
మిగతా సగం కన్వేయరు బెల్టు తీసుకుంది.
లోపల నుంచి గౌరామీ వచ్చింది,
ఇంకా పూర్తిగా ఎదగని దారంతో
ఆ వేలున్న చోటే గాజుని తడిమింది.

"వీటికి మళ్లీ మొలుస్తాయిట" అన్నాను.

చాలాసేపు తన చేతినే చూసుకున్నాడు.
"దొంగముండ, అదృష్టజాతకురాలు" అన్నాడు.
తర్వాత కుర్చీ లాక్కుని
దగ్గుతున్న నా వంక చూడకుండానే గదమాయించాడు:
"ఆ మూత వెయ్యరా, రాడొమిల్.
పైన గాలి చల్లారిపోతోంది."